రాతి మీద జానెడు మట్టి



రాజమహేంద్రవరంలో స్నాతకోత్సవమంటే వక్తలు గోదావరి దగ్గర మొదలుపెట్టి కాటన్ దొర దగ్గర ఆగుతారు. ఆయన కట్టించిన, 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట మీద నాకూ గౌరవం ఉంది. కానీ మీ కాళ్ల కింద ఉన్న నేల గురించి మీకే చెప్పడం ఎందుకు? నేను మట్టి చదువు చదివినవాణ్ణి. మీ దగ్గర లేని మట్టి గురించి మాట్లాడతాను. ఎండు కొండల మీద బండను అంటిపెట్టుకుని ఉండే పలచని, రాళ్లు కలిసిన మట్టి అది.

అదేదో మారుమూల సంగతి అనుకోకండి. ప్రపంచ మట్టి వర్గీకరణలో ఇలాంటి నేలలకు లెప్టోసాల్స్ అని పేరు. పాతిక సెంటీమీటర్ల లోపే బండ తగిలేవీ, మెత్తటి మట్టి బొత్తిగా తక్కువై రాళ్లే నిండి ఉండేవీ ఇందులోకి వస్తాయి. భూమి మీద సుమారు 165 కోట్ల హెక్టార్లలో ఉన్నాయి. ఆ వర్గీకరణలోని 32 వర్గాల్లో విస్తీర్ణంలో మొదటి స్థానం వీటిదే. వ్యవసాయ పాఠ్యపుస్తకాల్లో మాత్రం వీటికి దక్కేది ఒక పేరా. పంట పండని నేల మీద ఎవరికి ఆసక్తి?

మన రాష్ట్రంలో ఎడారికి దగ్గరి పోలిక కావాలంటే అనంతపురం వెళ్లాలి. అక్కడ ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్లు, గోదావరి జిల్లాల్లో పడేదాంట్లో ఇంచుమించు సగం. బొమ్మనహాళ్, కణేకల్లు వైపు వేదవతి ఒడ్డున ఇసుక దిబ్బలు పొలాల మీదికి జరుగుతుంటాయి. గుత్తి, పెనుకొండ, రాయదుర్గం కొండల వాలుల మీద మట్టి జానెడు ఉంటే గొప్ప. కారణం సులువే. రాయి మెత్తబడి బంకమట్టిగా మారాలంటే ఏళ్ల తరబడి తడి కావాలి. తడి లేనిచోట పగటి ఎండకూ రాత్రి చల్లదనానికీ రాయి పగిలి గరుసు అవుతుందే తప్ప బంక అవదు. ఆ కాస్తంత మట్టి కూడా, గడ్డి పలచగా ఉన్న వాలు మీద గంటలో కుండపోతగా కురిసే వానకు కిందికి పోతుంది. పుట్టేది తక్కువ, పోయేది ఎక్కువ. రాజస్థాన్ కొండల్లాంటి ఇంకా పొడి ప్రాంతాల్లో రాళ్ల అడుగున తెల్లగా సున్నం పట్టి ఉంటుంది. దాన్ని కడిగి లోపలికి దించేంత వాన అక్కడ పడదు.

మెత్తటి మట్టి గాలికీ నీటికీ పోగా పైన రాళ్లు మిగులుతాయి. మిగిలిన మట్టికి అవే కాపలా. చినుకు దెబ్బ అవి కాస్తాయి, ఎండకు ఆవిరి తగ్గిస్తాయి. వాలు చేలో రాళ్లన్నీ ఏరేసి శుభ్రం చేశామనుకునేవాళ్లు ఉన్న మట్టిని వానకు అప్పగించినట్టే.

ఇక్కడ ఒక చిన్న లెక్క. పెద్దలు కాసేపు ఓపిక పట్టాలి. ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రమట్టి, లోతు సెంటీమీటరుకు సుమారు ఒక మిల్లీమీటరు నీటిని పైరుకు అందేలా దాచుకుంటుంది. మట్టి 30 సెంటీమీటర్లు ఉండి, అందులో మూడో వంతు రాళ్లయితే మిగిలేది 20 మిల్లీమీటర్లు. పైరు రోజుకు ఐదు మిల్లీమీటర్లు తాగుతుందనుకుందాం. నాలుగు రోజుల్లో అయిపోతుంది. ఐదో రోజు ఆకు వాడుతుంది. అదే మీ డెల్టా బంకమట్టిలో మీటరు లోతుకు 150 మిల్లీమీటర్లు దొరికినా నెల రోజులు నడుస్తుంది. వేరుశనగ ఊడలు దిగే వేళ ఇరవై రోజులు వాన మొహం చాటేస్తే ఎవరు మునుగుతారో ఇప్పుడు మీరే చెప్పగలరు. ఒకే వాన పక్కపక్క చేలలో పడి ఒకరికి పంట, మరొకరికి అప్పు మిగులుస్తుంది. మధ్యలో తేడా బండ ఎంత లోతున ఉందన్నదే. కరవును వర్షపాతం పట్టికలో మాత్రమే వెతికే అధికారులకు ఈ తేడా కనపడదు.

రైతులకిచ్చే సాయిల్ హెల్త్ కార్డు సంగతి చూడండి. ఆ పథకం 2015 ఫిబ్రవరిలో రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో, అంటే ఎడారి అంచునే మొదలైంది. కార్డులో 12 అంశాలు ఉంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్ నుంచి జింకు, బోరాన్, ఉదజని సూచిక దాకా అన్నీ ఉన్నాయి. మట్టి లోతు లేదు. కొండవాలు రైతుకు ఆ పన్నెండింటి కన్నా ఈ పదమూడోది ముఖ్యమని నా గట్టి అభిప్రాయం. నాలుగు రోజుల నీళ్లే ఉన్న నేలలో ఎంత జింకు వేస్తే ఏం లాభం?

అలాగని ఇది చచ్చిన నేల కాదు. బండ తాగని నీరు జారి ఎక్కడో ఒకచోట చేరుతుంది. రాతి పగుళ్లలోకి దిగిన నీటికి ఎండ తగలదు, అందుకే చెట్లు అక్కడ వేరు దించుతాయి. ఎర్రచందనం అలాంటి చెట్టే. శేషాచలం, పాలకొండ, వెలికొండల లాంటి రాళ్ల నేలలే దాని పుట్టిల్లు, తూర్పు కనుమల దక్షిణ భాగం దాటితే ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. 1995 నుంచి అది వన్యజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. కడియం నర్సరీల్లో దాని మొక్క కొని పొలం గట్టున నాటినవాళ్లు మీ ఊళ్లలోనూ ఉంటారు. వాళ్లకో మాట చెప్పండి, దానికి నీరు నిలిస్తే పడదు.

బండ మీద నుంచి జారిపోయే నీటి విషయంలో మన పూర్వులు ఇంకో అడుగు ముందుకేశారు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించిన చెరువు అది. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలను ఆ శాసనం చెబుతుంది, వాటిలో కొండా ఉంది, గట్టుకు రాయి దొరికే చోటూ ఉంది. రోజుకు వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని. కొండ నీటిని పట్టుకోలేదని వాళ్లకు తెలుసు, అందుకే పట్టుకునే పని కిందనున్న చెరువుకు అప్పజెప్పారు. ఏటా 100 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని నెగెవ్ ఎడారిలో ప్రాచీన కాలపు నబాతియన్లు ఇదే తెలివితో, కొండ వాలుల నీటిని లోయల్లోని మడులకు మళ్లించి పంట తీశారు.

మీకు మరీ దూరం వెళ్లే పని లేదు. కొవ్వూరు దాటితే పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు. అక్కడి నల్లరాయి సుమారు 6.5 కోట్ల ఏళ్ల కిందటి లావా. పడమటి కనుమల వైపు నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైగా పారి వచ్చిందని భూవిజ్ఞానులు అంటారు. మీ ఇళ్లకు కంకర అక్కడి క్వారీల నుంచే వచ్చి ఉంటుంది. క్వారీ కోసిన గోడను ఒకసారి నిలబడి చూడండి. పైన మట్టి, దాని కింద ఉల్లిపొరల్లా ఒలిచిన రాయి, ఆ కింద గట్టి బండ. రాయి మట్టి అవడం ఎంత నెమ్మదో అరగంటలో అర్థమవుతుంది. మీ వరి మడిలోని ఒండ్రు కూడా మహారాష్ట్ర, తెలంగాణ, ఒడిశా కొండల మీద నిలవలేక నది వెంట వచ్చిన మట్టే.

ఇవాళ పట్టాలు అందుకున్న మీలో కొందరికి ఉద్యోగం అనంతపురంలో, కొందరికి రంపచోడవరం ఏజెన్సీలో రావచ్చు. వాన నీటిని ఆపడానికి కొండంతా ఒకే కొలతతో కందకాలు గీసిన పటాలు నేను చాలా చూశాను. కాగితం మీద రెండడుగుల లోతు, కొండ మీద అడుగు లోపే బండ. అలాంటి పటం మీ ముందుకు వస్తే వెనక్కి పంపండి. పంట చెప్పే ముందు, ఎరువు రాసే ముందు, గునపం అడిగి తీసుకుని చేలో మూడు నాలుగు చోట్ల గుంతలు తవ్వండి. రాయి తగిలిన లోతు రాసుకోండి. ఆ అంకె లేని సిఫారసు మీద సంతకం పెట్టకండి.