ఆటలో పెద్దలు, పిన్నలు



మా యూరి రావిచెట్టు క్రింది అరుగుపై సాయంకాలమున పత్రిక చదువుకొను పెద్దలము అయిదారుగురము గలము. ఆటల పుట విప్పగానే మాలో నొక వాదము లేచును. పేరుమోసిన పాత ఆటగాండ్రను కొత్తవారు నిజముగా గెలుచుచున్నారా, లేక వయసు మీరుటచేత పాతవారే తొలగిపోవుచున్నారా యనునది ఆ వాదము. దానికి నాకు తోచిన సమాధానమును మీకు మనవి చేయదలచితిని.

పురుషుల టెన్నిసును ముందుగా చూచి దాటెదము. ఫెడరర్, నాదల్, జొకోవిచ్ అను మువ్వురు ఇంచుమించు ఇరువది యేండ్లు ఆ యాటను ఏలిరి. 2023 జూలైలో వింబుల్డన్ తుదిపోటీయందు 20 ఏండ్ల అల్కరాస్ 36 ఏండ్ల జొకోవిచ్‌ను అయిదు సెట్లలో ఓడించెను. పాతకాలము ముగిసినదని పలువురు పలికిరి. మరుసటి యేట ఆగస్టులో, పారిస్ ఒలింపిక్సు తుదిపోటీలో ఆ జొకోవిచే అదే అల్కరాస్‌ను గెలిచి స్వర్ణపతకము గొనెను. అయినను 2024, 2025 సంవత్సరములలో జరిగిన ఎనిమిది పెద్ద పోటీలను అల్కరాస్, సిన్నర్ అను ఇరువురు యువకులే సమముగా పంచుకొనిరి. మార్పు వచ్చినమాట నిజమే గాని అది ఒక్క దినమున వచ్చినది కాదు.

టెన్నిసు మా వంటివారికి దూరపు ఆట. పట్టణపు క్లబ్బులలో పెద్ద యుద్యోగులు ఆడుచుండగా గోడ వెలుపల నిలిచి చూచితిమే గాని బ్యాటు పట్టి యెరుగము. మేమెరిగినది బాల్ బాడ్మింటన్. పసుపుపచ్చని ఊలు బంతి, జట్టుకు అయిదుగురు, కొబ్బరిచెట్ల నడుమ చదును చేసికొన్న నేల. ఇంతే దానికి కావలసినది. దానికి దాయాదియైన ఈకల షటిల్ ఆటలో మా వాదమునకు సరిపోవు కథ కోనసీమలోనే దొరకినది.

రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ 2000 ఆగస్టు 13వ తేదీన అమలాపురమున జన్మించెను. 2014లో హైదరాబాదు చేరి, పుల్లెల గోపీచంద్ నడపు శిక్షణాలయమున ఇద్దరాటకు అంకితుడయ్యెను. ముంబయివాడైన చిరాగ్ శెట్టితో నాతనిని జతగూర్చినది మలేషియా శిక్షకుడు టాన్ కిమ్ హెర్. ఇరువురును పొడవరులే, ఇరువురును కోర్టు వెనుకనుండి బలముగా కొట్టువారే. రెండు కోడెలను ఒక కాడికి కట్టినట్లు! ముందర నిలిచి నేర్పుతో నాడువాడు ఒకడు, వెనుకనుండి కొట్టువాడు ఒకడు ఉండవలయునని ఆ యాట తెలిసినవారు సాధారణముగా చెప్పుదురు.

సాత్విక్ చేతిబలమునకు సాక్ష్యము కలదు. 2023 ఏప్రిలులో జపానులో జరిగిన పరీక్షయందు నాతని స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగము చూపగా గిన్నిస్ వారు దానిని లోకములోకెల్ల వేగవంతమైనదిగా నమోదు చేసిరి. మా అరుగుమీది మిత్రుడొకడు అది రైలుబండికి ఎన్ని రెట్లో లెక్కగట్టుచు భోజనవేళ మరచెను.

కాని ఆ వేగమే వారిని మొనగాండ్రను చేసినదనుట పొరపాటని నా తలపు. షటిల్‌కు 16 ఈకలు. బరువు సుమారు 5 గ్రాములు. బ్యాటును విడిచిన క్షణమున ఎంత వేగమున్నను, గాలి దానిని పట్టి లాగుటచే ఎదుటివానిని చేరునప్పటికి చాల తగ్గిపోవును. అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. ఎదుటివాడు షటిల్‌ను పైకెత్తి యిచ్చిననే గాని స్మాష్ కొట్ట వీలుపడదు. ఆరితేరిన పెద్దలు ఎత్తి యియ్యరు.

ఇండోనేషియా దేశమున మహమ్మద్ అహ్సన్, హేంద్ర సెతియవాన్ అను జంట యుండెను. అభిమానులు వారిని ముద్దుగా ‘నాన్నలు’ అని పిలిచెడివారు. వారు 2013, 2015, 2019 సంవత్సరములలో ప్రపంచ విజేతలైరి. మూడవమారు గెలుచునాటికి హేంద్రకు 35 ఏండ్లు. 2025 జనవరిలో గాని బ్యాటు దింపలేదు. వారి సర్వీసు నెట్టును రాచుకొని పోవును. తిరిగివచ్చిన షటిల్‌ను నెట్టుకడనే అందుకొని క్రిందికి నొక్కుదురు. అట్టివారియెదుట పిన్నవాని భుజబలమునకు పని యెక్కడిది?

2022 మే 15వ తేదీన బాంకాక్‌లో థామస్ కప్పు తుదిపోటీ జరిగెను. ఇండోనేషియా అప్పటికి 14 మార్లు ఆ కప్పు గెలిచినది. భారతము తుదిపోటీ చేరుటయే అది మొదలు. తొలి ఆటను లక్ష్యసేన్ గెలిచి యుండెను. రెండవ ఆటలో మనవారికి ఎదురు నిలిచినది ఆ అహ్సన్, కెవిన్ సంజయ సుకముల్జో. మొదటి గేము 21–18గా వారిదే. రెండవ దానిలో ఇంకొక్క పాయింటు వచ్చిన ఆట ముగియునను స్థితి నాలుగు మార్లు వచ్చెను. నాలుగు మార్లును మనవారు నిలిచి 23–21గా గేము గెలిచి, మూడవదానిని 21–19గా ముగించిరి. ఆ తరువాత గుంటూరి కిదంబి శ్రీకాంత్ గెలువగా కప్పు మనదైనది.

ఈ శ్రీకాంత్ కథయు చెప్పదగినదే. 2014 నవంబరులో, 21 ఏండ్ల వయసున, చీనా గడ్డపైననే లిన్ డాన్‌ను తుదిపోటీలో ఓడించెను. 2016లో రియో ఒలింపిక్సునందు ఆ లిన్ డానే మూడు గేములలో శ్రీకాంతును ఓడించి తన బాకీ తీర్చుకొనెను.

మరల మనవారి కడకు వత్తము. మలేషియాకు చెందిన ఆరన్ చియా, సో వూయి యిక్ అను జంటతో వీరు వరుసగా ఎనిమిదిమార్లు ఓడిరి. 2022 ప్రపంచపోటీ సెమీఫైనలు వానిలో ఒకటి. 2023 జూన్ 18వ తేదీన, జకార్తాలో తొమ్మిదవమారు తలపడి 21–17, 21–18గా గెలిచిరి. నేను ఆ యాటను మనుమని ఫోనులో చూచితిని. స్మాష్‌లు కలవు గాని నన్నాకర్షించినవి అవి కావు. కొట్టుటకు ముందు వారు చూపిన ఓపిక, సర్వీసునందలి జాగ్రత్త, షటిల్‌ను వట్టినే పైకెత్తి యియ్యకుండుట. పెద్దల ఆటలోని గుట్టు వీరికి పట్టుబడినదని అప్పుడు తోచెను. ఆ యేడే హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో బాడ్మింటన్‌నందు భారతమునకు మొదటి స్వర్ణము తెచ్చి, అక్టోబరులో లోకమున మొదటి స్థానమెక్కిరి.

2024 ఆగస్టు 1వ తేదీన పారిస్ ఒలింపిక్సు క్వార్టరు ఫైనలులో మరల ఆ మలేషియా జంటయే ఎదురయ్యెను. మొదటి గేము మనవారు 21–13గా సులువుగా గెలిచిరి. తక్కిన రెండింటిని ఓడిరి. ఆ రాత్రి మా మనుమడు అన్నము ముట్టలేదు. అరుగుమీద నొకాయన, “వీరిది భుజబలమే గాని గుండెబలము కాదు” అనెను. నాకు కోపము వచ్చి నాలుగు దినములు అరుగెక్కుట మానితిని. ఎనిమిదిమార్లు ఓడి తొమ్మిదవమారు నిలిచినవారికి గుండె లేదందుమా? మనవారు పెద్దలనుండి నేర్చినట్లే ఎదుటివారును మనవారినుండి నేర్చియుందురు.

2025 ఆగస్టులో అదే పారిస్‌లో, అదే మందిరమున ప్రపంచపోటీలు జరిగెను. క్వార్టరు ఫైనలులో చియా, సో జంటను మనవారు వరుస గేములలో ఓడించిరి. మరునాడు సెమీఫైనలులో చీనాకు చెందిన చెన్ బోయాంగ్, లియూ యీ అను కొత్త జంట మూడు గేములలో వీరిని ఓడించెను. మనవారికి కంచుపతకము దక్కినది. సాత్వికునకు నాటికి 25 ఏండ్లు.

ఇప్పుడు మా అరుగుమీద వాదము తలక్రిందులైనది. సాత్విక్, చిరాగ్‌లను పాతవారి లెక్కలో చేర్చవలయునని కొందరందురు. 35 ఏండ్ల హేంద్రను చూపి నేను ఒప్పుకొనను. ఆ వాదము ఇంకను తెగలేదు.