చిన్న సంస్థలు – సాఫ్ట్‌వేరు ప్రక్రియ

ప్రక్రియ యన్నమాట మా వ్యాకరణ పండితులకు చిరపరిచితము; పదము సిద్ధించు క్రమమునకు మేమిడిన పేరది. సాఫ్ట్‌వేరు నిర్మించువారును నేడా మాటనే వాడుచున్నారు.

అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు సంస్థలో వాట్స్ హంఫ్రీ యనునాతడు ఈ పనికి ఐదు మెట్ల క్రమమును కల్పించి, 1989లో గ్రంథముగ వెలువరించెను. ఆ దేశపు రక్షణశాఖకు పని చేసిపెట్టు పెద్ద సంస్థలే అతని దృష్టిలోనుండెను. పదిమంది గల సంస్థ దానిని యథాతథముగ తలకెత్తుకొనుట, పెండ్లి గుండిగలో ఇద్దరికి అన్నము వండుటయే. పత్రములు నింపుటకే ప్రొద్దు చాలదు.

అట్లని క్రమమే వలదనరాదు. చిన్న సంస్థలో విద్య యెల్ల ఒకరిద్దరి తలలలో నుండును. వారిలో నొకడు పని మానినచో, కొనువారికిచ్చిన మాటను నిలుపువారెవరు? 25 మందికి మించని సంస్థలకై 2011లో ఐ.ఎస్.ఓ. 29110 ప్రమాణము వెలువడెను. అందలి ప్రాథమిక రూపమున రెండే ప్రక్రియలు: పనిని నడపుట, సాఫ్ట్‌వేరును నిర్మించుట.

నా మతమున అంతకన్న ముందు ఒక్క పుస్తకము చాలును. దొరకిన ప్రతి దోషమును, అది యెచట పుట్టినదో, దిద్దుట కెంత ప్రొద్దు పట్టినదో, తేదీతో వ్రాయవలెను. చేసినవాని పేరు మాత్రము వ్రాయరాదు. వ్రాసిరా, మరునాటినుండి దోషములు దాగును. కొనువారి కోరికలను సరిగా వ్రాసికొనకపోవుటవలన వచ్చినవే హెచ్చుగా కనబడినచో, మరుసటి మాసమున ఆ యొక్క పనినే చక్కబెట్టుకొందురు గాక.