యంత్రభాషయు, దుబాసియు



కంప్యూటరు ఎన్ని పనులు చేసినను, దానికి తెలిసిన భాష యొక్కటియే. అది 0, 1 అను రెండంకెల కూర్పు. ‘ఈ సంఖ్యను తెమ్ము, దానికి దీనిని కలుపుము, ఫలితము నచ్చట నుంచుము’ అనునట్టి చిన్న చిన్న యాజ్ఞలే యంత్రభాష. 1957లో ఐ.బి.ఎం. సంస్థయందు జాన్ బాకస్ బృందము ఫోర్ట్రాన్‌ను వెలువరించిన పిదప, గణితసూత్రములను బోలిన వాక్యములు వ్రాసి, వాటిని యంత్రభాషలోనికి మార్చు పనిని యంత్రమునకే యొప్పగించుట వాడుకలోనికి వచ్చెను.

ఈ మార్పు ముఖ్యముగా రెండు విధముల జరుగును. మొదటిది అనువాదకుని పద్ధతి. అతడు గ్రంథమునంతయు ఒక్కసారి అనువదించి యిచ్చును. పిదప అతనితో పని లేదు. ఇది కంపైలరు, సీ భాషది ఈ త్రోవ. రెండవది దుబాసి పద్ధతి. దుబాసి ప్రక్కనే నిలిచి, ఒక్కొక్క మాటను అప్పటికప్పుడు తెలియజెప్పుచుండును. ఇది ఇంటర్‌ప్రెటరు. గైడో వాన్ రోసమ్ 1991లో వెలువరించిన పైథాన్ మొదలగు స్క్రిప్టింగు భాషలు సాధారణముగా ఈ త్రోవ ననుసరించును.

పైథాన్ వాక్యము మొదట బైట్‌కోడ్ అను నడిమి రూపము దాల్చును. సీ భాషలో వ్రాయబడి, ముందే యంత్రభాషలోనికి మారియున్న వేరొక ప్రోగ్రాము దానిని చదివి పని నడపును. రెండు రాశులను కూడవలెనన్నచో, అవి పూర్ణాంకములా, దశాంశములా, అక్షరములా యని విచారింపవలెను. అదే వాక్యము పదిలక్షల మారులు వచ్చినను విచారణ తప్పదు. సీ భాషలో ఈ విచారణ ముందే ముగియును గావున కూడికకు ఒక్క యాజ్ఞ చాలును.

దీని మూల్యమెంత? అమెరికాలోని ఎం.ఐ.టి.కి చెందిన చార్లెస్ లీసర్సన్ మున్నగువారు 2020లో ‘సైన్స్’ పత్రికలో ఒక లెక్క ప్రకటించిరి. 4,096 వరుసలు, అన్నియే నిలువులు గల రెండు మాత్రికల గుణకారమునకు పైథాన్ సుమారు 7 గంటలు తీసికొనెను. సీ సుమారు 9 నిమిషములు. ఆ యంత్రములోని 18 కోర్లను, మెమరీ యమరికను, ప్రత్యేకాజ్ఞలను ఎరిగి వ్రాసినప్పుడు అర సెకండైనను పట్టలేదు. అనగా భాష మార్చుటచే కలిగిన లాభము 47 రెట్లు. యంత్రము నెరుగుటచే కలిగినది వేయి రెట్లకు మించినది.

అట్లని స్క్రిప్టింగు భాషలు త్యాజ్యములు గావు. నెలకొకసారి పది సెకండులు నడచు జీతముల పట్టికకై దినములకొలది యంత్రభాషతో పెనగులాడుట కాలమును వృథా చేయుటయే; అచ్చట మానవుని కాలము యంత్రకాలముకంటె విలువైనది. పైథాన్‌కు తోడుగానున్న నంపై, ఆదేశమును పైథాన్‌లో స్వీకరించి, భారమైన గణనను ముందే యంత్రభాషలోనికి మారిన భాగములచే చేయించును. ముందు సులభముగా వ్రాసి, కాలమెచ్చట వ్యయమగుచున్నదో కొలిచి, ఆ భాగమును మాత్రమే క్రిందికి దింపుట విజ్ఞుల మార్గము.

దుబాసిని నమ్ముట దోషము గాదు. అతడు తడబడినప్పుడు గుర్తింపగలవాడు కొలువులో ఒక్కడైనను లేకపోవుటయే ప్రమాదము. యువకులు సులభమైన భాషతోనే విద్య నారంభింపవచ్చును, అచ్చటనే ఆగిపోరాదు.