గోడ మీద నీళ్లు

(కరువు కాలపు నీటి ప్రచారాల మీద విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నీళ్లు పొదుపు చేయమని చెప్పే ప్రకటనల గురించి మాట్లాడమన్నరు. మేము పత్రికలోళ్లం. ప్రకటన విలువ మాకు తెల్వంది కాదు, అవి ఉంటెనే మా జీతాలు వస్తయి. కానీ నల్లగొండ, పాలమూరు సంగతి వచ్చేసరికి ఒక్క ప్రశ్న ముందు అడగాలె. ఈ మాట ఎవరికి చెప్తున్నరు?

అమెరికాల డెన్వర్ అని ఒక నగరం. 2002 కరువు దెబ్బ తిన్నది. అక్కడి నీటి సంస్థ 2006ల ఒక ప్రచారం మొదలుపెట్టింది. పెద్ద హోర్డింగు తీసుకొని దాంట్ల కొంత జాగలనే అక్షరాలు రాసి, మిగిలినదంత ఖాళీగ ఇడిసిపెట్టిన్రు. ఎంత అవసరమో అంతే వాడుకో అని దాని అర్థం. పార్కుల బెంచీ పెట్టి, ఒక్క మనిషి కూసునేంత పలకనే ఉంచిన్రు. మంచి ఆలోచన, కాదనం. ఇంటిముందట పచ్చగడ్డి తడిపేటోనికి చెప్పిన మాట గనుక అక్కడ అతికింది. నల్లా ఉన్నోడే గదా నల్లా కట్టేసేది! 2018ల దక్షిణాఫ్రికా కేప్‌టౌన్‌ల మనిషికి రోజుకు 50 లీటర్లే అన్నరు. ఊరంత బెదిరింది. అక్కడి పేదల బస్తీలు మాత్రం అంతకుముందు నుంచే బజారు నల్లా కాడ బిందెలు పట్టుకొని నిలబడి ఉన్నయి. వాళ్లకు పొదుపు కొత్తగ నేర్పేది ఏమున్నది?

మన దగ్గర 2000 మే నెలల చంద్రబాబు నాయుడు ప్రభుత్వం 'నీరు-మీరు' మొదలుపెట్టింది. ఇంకుడు గుంతలు, చెక్‌డ్యాంలు, గుట్టల మీద కందకాలు. పని చెడ్డది కాదు. ఉరికే నీళ్లను నడిపించాలె, నడిచే నీళ్లను నిలపాలె, నిలిచిన నీళ్లను ఇంకించాలె అన్న సూత్రం మన చెరువులు కట్టినోళ్లకు ఎన్నడో తెలుసు. మా పేచీ ఆ పేరుతోటి. అండ్ల నీరున్నది, మీరున్నరు. 'మేము' అన్న సర్కారు ఏది? గోడకు సున్నం కొట్టిచ్చే కాడ ఉన్నది. బోర్లు ఎండిన ఊర్లల్ల, సగం ఇండ్లకు తాళాలు పడి జనం బొంబాయి బస్సెక్కిన పాలమూరు పల్లెలల్ల, ఆ గోడలను చదివేటోళ్లు ముసలోళ్లు, పిల్లలు. అదే ఏడాది ఆగస్టు 28న కరెంటు చార్జీలు తగ్గియ్యమని హైదరాబాదుకొచ్చిన జనం మీద బషీర్‌బాగ్‌ల కాల్పులు జరిగినయి, ముగ్గురు పోయిన్రు. చెరువు, కాలువ లేని మెట్ట రైతుకు కరెంటు బిల్లు అంటె నీళ్ల బిల్లే. ఆ సంగతి ఏ గోడ మీద రాయలే.

నల్లగొండది ఇంకో కత. మర్రిగూడ, మునుగోడు దిక్కు బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దన్నది లెక్క. అది దాటిన నీళ్లు ఏండ్లకేండ్లు తాగి నడుములు వంగిపోయినయి, కాళ్లు వంకర్లు పోయినయి. అసొంటి బోరు పక్కన 'ప్రతి చుక్కా పొదుపు చేయండి' అని రాస్తె ఏమనుకోవాలె? విషం కొంచెం తక్కువ తాగమనా? నాగార్జునసాగర్ ఈ జిల్లాలనే ఉండె. 1967ల కాలువలకు నీళ్లిడిసిన్రు. మెట్ట ఊర్లకు ఎక్కలే. 2004ల అక్కంపల్లి జలాశయం మీదుగ కృష్ణా నీళ్లు హైదరాబాదుకు పోయినయి, మొదటి దశల ఏడాదికి దగ్గరదగ్గర 5.5 టీఎంసీలు. పట్నం తాగొద్దని మేము అనం. పైపు పోయే తొవ్వల ఉన్నోళ్ల గొంతు ఎండుతుండంగ, పొదుపు పాఠం వాళ్లకే చెప్పుడు న్యాయమా అంటున్నం.

మమ్మల్ని అడిగితె, ఈ నేల మీద నీళ్ల కోసం వచ్చిన అన్నిటికంటె గొప్ప ప్రకటన గోడ మీద రాలే, బ్యాలెట్ కాగితం మీద వచ్చింది. 1996 లోక్‌సభ ఎన్నికలల్ల నల్లగొండ స్థానానికి 480 మంది పోటీల నిలబడ్డరు. దుశ్చర్ల సత్యనారాయణ ముందుండి నడిపిన జలసాధన సమితి పిలుపు అది. పార్టీలోళ్లు కొందరే, మిగిలినోళ్లల్ల ఎక్కువమంది నీళ్ల గోస చెప్పుకునెటందుకు నామినేషన్ ఏసినోళ్లు. బ్యాలెట్ కాగితం పుస్తకమయింది. పోలింగు వాయిదా పడ్డది. ఢిల్లీ పత్రికలు నల్లగొండ ఎక్కడున్నదో మ్యాపుల ఎతుకున్నయి. ఖర్చు లెక్కగట్టండి. అప్పుడు డిపాజిట్ 500 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 250. అందరికీ 500 చొప్పున ఏసుకున్నా 2,40,000. మరి సర్కారు ఏం చేసింది? నీళ్లకంటె ముందు డిపాజిట్ పెంచింది. అదే ఏడాది చట్టం సవరించి 10,000 చేసిన్రు!

ఇంకొకటి కూడ చెప్పాలె, అది అంత చప్పుడు చేసింది కాదు. 2000 తర్వాతి దశాబ్దంల ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతోటి ఏడు కరువు జిల్లాలల్ల ఒక భూగర్భజల పథకం నడిచింది. మన రెండు జిల్లాలు అండ్ల ఉన్నయి. రైతులే వాన కొలిచిన్రు, బోర్లల్ల నీళ్లు ఎంత లోతుల ఉన్నయో కొలిచిన్రు. యాసంగికి ముందు ఊరంత కూసొని, భూమిల ఇన్ని నీళ్లున్నయి, వరి ఏస్తె ఇన్ని గావాలె, ఆరుతడి పంటకు ఇన్ని అని లెక్కగట్టి అందరికీ కనబడేటట్టు రాసిపెట్టిన్రు. అక్కడ నినాదం లేదు, హితబోధ లేదు. ఏ పంట ఏసుకోవాలెనో రైతు ఇష్టం. లెక్క చూసి చానామంది వరి తగ్గించుకున్నరు.

ఇప్పుడు మేము మొదట అడిగిన ప్రశ్నకు జవాబు మారింది. 2014ల రాష్ట్రం వచ్చింది. 2016ల మొదలైన మిషన్ భగీరథతోటి నల్లాలు వచ్చినయి. 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు ఇచ్చిన్రు. ఆ రోజులల్లనే ఆటో స్టార్టర్లు తీసెయ్యమని సర్కారు రైతులను బతిమిలాడింది. కరెంటు ఎప్పుడుంటె అప్పుడు మోటరు దానంతట అదే నడిచి బోరు ఒట్టిపోతదని. ఒకప్పుడు రాత్రి కరెంటుకు భయపడి పెట్టుకున్న డబ్బా అది, రైతును తిట్టి లాభం లేదు. కానీ పొదుపు చేయమంటె చేసేటందుకు ఇప్పుడు చేతుల ఏదో ఒకటి ఉన్నది. ఉద్యోగ మిత్రులు పట్నంల కట్టుకున్న ఇండ్ల మీది ట్యాంకులు పొంగేది కూడ ఈ లెక్కలకే వస్తది. నవ్వకుండ్రి, మాది కూడ పొంగుతది.

విద్యార్థి మిత్రులకు ఒక పని ఒప్పజెప్పుతున్నం. దసరాకు ఊరికి పోయినప్పుడు, తాడుకు రాయి కట్టి నీళ్లున్న పాత బాయి లోతు కొలువుండ్రి. బోర్లోళ్లను అడిగి మోటర్లు ఎంత లోతుల దింపిన్రో రాసుకోండ్రి. ఆ అంకెలు తారీఖు ఏసి, పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయుండ్రి. సంక్రాంతికి పోయి మళ్ల కొలిచి, దాని కిందనే రెండో అంకె రాయుండ్రి. సర్పంచు అడ్డమొస్తె మాకు కబురు చేయుండ్రి, ఆ గోడ ఫొటో మా పేపర్ల ఏస్తం.