కరువు సీమలో అంబాసిడర్

మన అంబాసిడర్ పుట్టింది ఇంగ్లాండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కారు నుంచి. కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో 2014 దాకా తయారైంది. అనంతపురం వైపు పాత పెట్రోలు బండిని ఇంట్లోనే చూసుకునేవాళ్లకు ఈ నాలుగు మాటలు.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడే సీమ మనది. చేతికందేవి బోరు నీళ్లే. రేడియేటర్లో అవే పోస్తే సున్నం పేరుకుని సన్నని గొట్టాలు పూడుకుపోతాయి, ఎండాకాలం ఇంజను ఉడికిపోతుంది. డిస్టిల్డ్ వాటర్లో కూలెంట్ కలిపి పోయండి. ఇంజను చల్లారకుండా మూత మాత్రం తిప్పవద్దు, ఆవిరి మొహాన కొడుతుంది.

బండి స్టార్టు కాక మొరాయిస్తే ముందు డిస్ట్రిబ్యూటర్ మూత తీయండి. పాత 1489 సీసీ ఇంజనులో పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు వాటి మధ్య సందు దాదాపు 0.4 మిల్లీమీటరు ఉండాలి. ఫీలర్ గేజ్ రేకు కాస్త పట్టినట్టే పట్టి జారితే సరిపోయినట్టు. పాయింట్లు నల్లబడితే సన్నని ఎమెరీ కాగితంతో తేలిగ్గా రుద్ది, పొడి గుడ్డతో తుడవండి. ఈ పని నేర్చుకుంటే మెకానిక్ కోసం ఎదురుచూడక్కర్లేదు. మట్టిరోడ్ల మీద తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ను పుస్తకంలో చెప్పిన గడువుకంటే ముందే శుభ్రం చేయండి.