ఎస్ఎంపీఎస్ మార్చే ముందు ఆ చిన్న ఎర్ర స్విచ్ చూడండి

డ్యూటీ దిగి రూముకొచ్చినవాళ్లు, వంట చేసుకుంటూ వింటున్నవాళ్లు, బస్సులో చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నవాళ్లు, అందరూ బాగున్నారనుకుంటున్నాను. వినడం కుదరనివాళ్ల కోసం ఎప్పటిలాగే మాటలన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాం.

ఈ వారం పాత డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో ఎస్ఎంపీఎస్ పోతే ఏం చేయాలో చూద్దాం. ఎస్ఎంపీఎస్ అంటే సీపీయూ డబ్బా వెనక, కరెంటు వైరు గుచ్చే చోట ఉండే ఇనప పెట్టె. గోడ నుంచి వచ్చే కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి లోపలికి పంపేది అదే.

ఈ రోజుల్లో డెస్క్‌టాప్ ఎవరు వాడుతున్నారన్నా అంటారేమో. మన రూముల్లో వాడుతున్నారు. దేశం వదిలి వెళ్లేవాళ్లు అమ్మే సిస్టమ్ తక్కువలో వస్తుంది. సీవీ టైపు చేసుకోవడానికి, ఎక్సెల్ నేర్చుకోవడానికి అది చాలు. కొందరు పిల్లల చదువుకని కార్గోలో ఇంటికి కూడా పంపిస్తారు. అందుకే బహ్రెయిన్‌లో ఉన్నవాళ్లు ముందు అవాలి సంగతి తెలుసుకోవాలి.

1932లో బహ్రెయిన్‌లో జెబెల్ దుఖాన్ దగ్గర చమురు పడింది. గల్ఫ్‌కి ఇటు అరబ్బు వైపు మొదటి చమురు బావి అదే. తవ్విన బాప్కో కంపెనీ వెనక ఉన్నది అమెరికా వాళ్ల స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ కాలిఫోర్నియా. తమ ఉద్యోగుల కోసం ఆ కంపెనీ కట్టిన ఊరే అవాలి. దేశదేశాల కరెంటు పట్టిక తీసి చూడండి. బహ్రెయిన్ ఎదురుగా 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అని ఉంటుంది. పక్కనే విడిగా, అవాలిలో 110 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంటుంది. అది అమెరికా పద్ధతి కరెంటు. ఇంత చిన్న దేశంలో పక్కపక్క ఊళ్లకు రెండు రకాల కరెంటు!

దీనికీ కంప్యూటర్‌కీ ఏం సంబంధమంటే, చాలా పాత ఎస్ఎంపీఎస్‌ల వెనక ఒక చిన్న ఎర్ర స్విచ్ ఉంటుంది. దాని మీద 115 లేదా 230 అని కనిపిస్తుంది. 115 వైపు ఉంటే, వచ్చిన తక్కువ వోల్టేజీని లోపల రెట్టింపు చేసుకునే ఏర్పాటు పని చేస్తుంది. 110 వోల్టుల ఇంట్లో అలా వాడిన సిస్టమ్‌ని రిఫాకో మనామాకో తెచ్చి, స్విచ్ చూడకుండా 230లో పెట్టారనుకోండి. ఆ 230ని కూడా రెట్టింపు చేయబోతుంది. కెపాసిటర్లు తట్టుకోలేవు. టపాకాయ పేలినట్టు శబ్దం, పొగ, కాలిన వాసన. ఉన్న ఒక్క ఎస్ఎంపీఎస్ పోతుంది, ఒక్కోసారి మదర్‌బోర్డునీ తీసుకుపోతుంది. అదే తలకిందులైతే, అంటే 230 వైపు ఉంచి 110లో పెడితే, మామూలుగా సిస్టమ్ ఆన్ కాదు, అంతే.

మన ఊళ్లోనూ 230 వోల్టులే. అంటే 115 మీద ఉన్న సిస్టమ్‌ని ఇంటికి పంపితే, జగిత్యాలలోనో రాజంపేటలోనో మన పిల్లలు ప్లగ్ పెట్టగానే ఇదే జరుగుతుంది. దగ్గర మనం ఉండం. కాబట్టి ప్యాక్ చేసే ముందే స్విచ్‌ని 230కి జరిపి, మీద టేపు అతికించండి. వైరు పీకేసి ఉన్నప్పుడే జరపాలి. స్విచ్ లేకపోతే లేబుల్ చదవండి. 100–240 అని ఉంటే ఎక్కడైనా నడుస్తుంది. ఒక్క వోల్టేజీయే రాసి ఉంటే అక్కడ మాత్రమే వాడాలి.

సరే, సిస్టమ్ ఆన్ కావట్లేదు. పోయింది ఎస్ఎంపీఎస్సేనా? ముందు ఖర్చులేని పనులు చేయండి. ఇక్కడి మూడు పిన్నుల ప్లగ్‌లో చిన్న ఫ్యూజు ఉంటుంది, అది చూడండి. వైరు మార్చి చూడండి. సాకెట్‌లో ఫోన్ ఛార్జర్ పెట్టి చూడండి.

అవన్నీ బాగుంటే ప్లగ్ పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. డబ్బా మూత తీసి, లోపలి వైర్లన్నిటికీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. మదర్‌బోర్డుకున్న పెద్ద కనెక్టర్‌ని ఊడదీసి, అందులో ఆకుపచ్చ వైరునీ ఏదైనా ఒక నల్ల వైరునీ పేపర్ క్లిప్పుతో కలపండి. ఆ తర్వాతే ప్లగ్ పెట్టండి. ఫ్యాన్ తిరగకపోతే ఎస్ఎంపీఎస్ పోయిందని దాదాపు ఖాయం. తిరిగినంత మాత్రాన బాగుందనీ కాదు. మల్టీమీటర్ ఉన్నవాళ్లను అడగండి. పసుపు వైరులో 11.4 నుంచి 12.6 వోల్టులు, ఎరుపులో 4.75 నుంచి 5.25 రావాలి.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నా. ఎస్ఎంపీఎస్ పెట్టెను మాత్రం విప్పకండి తమ్ముడూ. ప్లగ్ పీకిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. బాగు చేసే వస్తువు కాదది, మార్చే వస్తువు.

కొనేటప్పుడు పాతదాన్ని చేతిలో పట్టుకుని వెళ్లండి. సైజు, స్క్రూల చోటు కలవాలి. పెద్ద కనెక్టర్ పాత బోర్డులకు 20 పిన్నులు, తర్వాతి వాటికి 24. కొత్తవాటిలో చాలావరకు ఆ నాలుగు పిన్నుల ముక్క విడిపోతుంది కాబట్టి ఇబ్బంది లేదు. కానీ ఆ ముక్కను ప్రాసెసర్ పక్కనుండే నాలుగు పిన్నుల సాకెట్‌లో పెట్టకండి, దానికి వేరే కనెక్టర్ ఉంటుంది. కొన్ని పాత డెల్ మెషిన్లలో కనెక్టర్ మామూలుదానిలాగే ఉంటుంది కానీ లోపల వైర్ల వరస వేరు. వాటికి ఆ మోడల్‌ది మాత్రమే కొనాలి. గ్రాఫిక్స్ కార్డు లేని పాత సిస్టమ్‌కి నాణ్యమైన 300 వాట్లు చాలు. లేబుల్ మీద పెద్ద నంబరుండి చేతికి తేలిగ్గా ఉన్నదాన్ని నమ్మకండి.

బిగించడం సులువే. వెనక నాలుగు స్క్రూలు. పాతది తీసి, కొత్తది పెట్టి, ఫొటో చూసుకుంటూ ఒక్కో కనెక్టర్ పెట్టండి. సరైన వైపైతే కొంచెం నొక్కగానే కూర్చుంటుంది. బలం చేయాల్సి వచ్చిందంటే తిరగేసి పెడుతున్నట్టే. ప్లగ్ పెట్టే ముందు మళ్లీ వెనక్కి వెళ్లి ఆ స్విచ్ చూడండి.

ఆరుగురు పడుకునే రూములో పొగొస్తే అది కంప్యూటర్ సమస్యగా ఆగదు. పాత సిస్టమ్ కొన్నా, అమ్మినా, ఊరికి పంపినా "ఇది ఎక్కడి కరెంటు మీద నడిచింది?" అని అడగండి, చెప్పండి. అవాలిలో పని చేసే మనవాళ్లెవరైనా మీకు తెలిసుంటే ఈ ఎపిసోడ్ వాళ్లకు పంపండి. మళ్లీ వారం కలుద్దాం. జాగ్రత్త, ఉంటాను.