పట్టణ భూపరిమితి చట్టం: ఏం చేస్తానన్నది, ఏం చేసింది?



భూవిధానం, ప్రణాళిక అనగానే అవేవో మగవాళ్ళు మాట్లాడుకునే సంగతులులే అని మనం వంటింట్లోకి వెళ్ళిపోతూ ఉంటాం. కాని ఇంటి అద్దె ఏటేటా ఎందుకు పెరుగుతోంది, మూడు వందల గజాలు కొందామని బయలుదేరినవాళ్ళం రెండు గదుల ఫ్లాటు దగ్గర ఎందుకు ఆగిపోతున్నాం అన్న ప్రశ్నలకు సగం జవాబు ఆ మాటల్లోనే ఉంది. అందుకని ఈ రోజు ఒక్క చట్టాన్ని తీసుకుని, మనం నెలాఖరున పచారీ పద్దు చూసుకున్నట్టే దాని పద్దు చూద్దాం. అది పట్టణ భూ గరిష్ఠ పరిమితి చట్టం. 1976 ఫిబ్రవరిలో వచ్చింది.

దాని ఉద్దేశం మంచిదే. నగరాల్లో నేల కొద్దిమంది చేతుల్లో పోగుపడకూడదు. ధర పెరిగేదాకా ఖాళీగా అట్టేపెట్టి లాభం చేసుకోవడం ఆగాలి. మిగులు నేల తీసుకుని లేనివాళ్ళకు ఇళ్ళు కట్టాలి. పల్లెల్లో పొలాలకు పరిమితి పెట్టినప్పుడు పట్నంలో స్థలాలకు ఎందుకు ఉండరాదు అని అడిగినవారి మాటలో న్యాయం ఉంది గదా!

భూమి రాష్ట్రాల పరిధిలోనిది. పార్లమెంటు తనంతట తాను ఈ చట్టం చేయడానికి వీల్లేదు. ఆంధ్రప్రదేశ్‌తో సహా పదకొండు రాష్ట్రాల శాసనసభలు "మా తరఫున మీరే చేయండి" అని తీర్మానించాక చేసింది. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఊరిని బట్టి పరిమితి పెట్టారు. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల్లో ఖాళీ స్థలం 500 చదరపు మీటర్లు మించరాదు. అంటే ఆరు వందల గజాల లోపు. హైదరాబాదులో 1000 మీటర్లు, విశాఖపట్నం, విజయవాడల్లో 1500, గుంటూరు, వరంగల్లులో 2000.

ఇక్కడే మన ఆడవాళ్ళకు సంబంధించిన మెలిక ఒకటి ఉంది. ఈ చట్టం లెక్కలో కుటుంబం అంటే భర్త, భార్య, పెళ్ళికాని మైనరు పిల్లలు. పుట్టింటివారు పసుపుకుంకుమల కింద ఇచ్చిన స్థలం మీ పేరిటే ఉన్నా, మీవారి స్థలంతో కలిపి ఒకే లెక్క. అదే మేజరైన కొడుక్కి స్థలం ఉంటే అతనిది విడి లెక్క. ఇద్దరు ముగ్గురు ఎదిగిన కొడుకులున్న ఆసామికి ఉన్న వెసులుబాటు చంటిపిల్లల తండ్రికి లేదన్నమాట. భీమ్ సింగ్‌జీ కేసులో, 1981 నాటి తీర్పులో, సుప్రీంకోర్టు చట్టాన్ని చాలా వరకు నిలబెట్టింది గాని, న్యాయమూర్తుల్లో ఒకరైన జస్టిస్ తుల్జాపూర్కర్ ఈ కుటుంబ నిర్వచనాన్ని గట్టిగా తప్పుపట్టారు. నా మటుకు నాకు ఆయన అన్నదే సబబుగా తోస్తుంది.

ఇక నష్టపరిహారం సంగతి. ఆదాయం లేని ఖాళీ స్థలానికి పెద్ద నగరాల్లో చదరపు మీటరుకు పది రూపాయలు మించదు. గజానికి ఎనిమిది రూపాయల చిల్లర. విజయవాడ వంటి ఊళ్ళలో అందులో సగం. ఎంత స్థలం పోయినా మొత్తం రెండు లక్షలు దాటదు. అందులోనూ రొక్కంగా ఇచ్చేది కొంతే, తక్కినది ఇరవై ఏళ్ళ బాండ్లు. ఈ ధరకు ఎవరు చేతులారా ఇస్తారు? అందరూ వకీళ్ళ దగ్గరికి పరుగెత్తారు. కోర్టుకెక్కిన స్థలంలో ఇల్లు లేవదు, అమ్మకం జరగదు.

కోర్టుకు వెళ్ళనివారికి మరో దోవ ఉంది. ప్రజాప్రయోజనం కోసమనో, యజమానికి మరీ కష్టమవుతుందనో ప్రభుత్వం మినహాయింపు ఇవ్వవచ్చునని చట్టంలోనే ఒక సెక్షను పెట్టారు. బలహీనవర్గాలకు ఇళ్ళు కట్టిస్తానని రాసిచ్చినవారికి ఇంకొక సెక్షను. ముందు తలుపుకు తాళం వేసి, పెరటి తలుపు తాళంచెవి అధికారి చేతికిచ్చారు. ఆ చెవి ఎలా తిరుగుతుందో మీకు నేను చెప్పాలా?

ఫలితం చూడండి. దేశం మొత్తం మీద మిగులు భూమి సుమారు 2 లక్షల 20 వేల హెక్టార్లని అంచనా వేశారు. ఇరవై ఏళ్ళు దాటాక నిజంగా ప్రభుత్వం చేతికి వచ్చింది దాదాపు 19 వేల హెక్టార్లు. పన్నెండు శేర్లు కొలుస్తానని సంచీ పట్టించి, శేరు పోసి పంపినట్టుంది. ఈలోగా చిక్కులో పడ్డ నేల బజారులోకి రాక, చిక్కులేని కాస్త నేల మీదే అందరూ ఎగబడ్డారు. ధర పెరగక ఏం చేస్తుంది? చట్టాన్ని రద్దు చేస్తూ 1999లో కేంద్రం కూడా ఇంచుమించు ఇదే చెప్పింది. నేల ధరలు విపరీతంగా పెంచిందనీ, అవినీతికి తావిచ్చిందనీ ఒప్పుకుంది.

ఇప్పుడు ఆ పదకొండు రాష్ట్రాల సంగతి గుర్తు తెచ్చుకోండి. తీర్మానం చేసి తెచ్చుకున్న చట్టం కనుక, రద్దుకూ మళ్ళీ తీర్మానం చేయాలి. మహారాష్ట్ర 2007లో చేసింది, మన ఆంధ్రప్రదేశ్ 2008 మార్చిలో చేసింది. కేంద్రంలో పోయిన చట్టం మన దగ్గర ఇంకో తొమ్మిదేళ్ళు బతికిందన్నమాట.

అయితే చట్టమే తప్పు అనేవారితో నేను ఏకీభవించను. అది పోయాక హైదరాబాదులో గజం ధర తగ్గిందేమో, అక్కడ స్థలం కొన్నవాళ్ళను అడిగి చూడండి! నేలను దాచుకోవడం తప్పు అన్న మాట అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే. లోపం ఎక్కడంటే, తీసుకోవడానికి ఉన్న సెక్షన్లలో పదో వంతు శ్రద్ధ కూడా తీసుకున్న నేల మీద ఇల్లు ఎప్పుడు లేస్తుంది, రోడ్డూ నీళ్ళూ ఎవరు వేస్తారు అన్న దాని మీద పెట్టలేదు. లాక్కోవడం కన్నా, ఊరి నడుమ ఖాళీగా పడున్న స్థలానికి ఏటేటా గట్టిగా పన్ను వేస్తే యజమానే కడతాడు, లేదా అమ్ముతాడు. ఖాళీ స్థలం పన్ను మన మునిసిపల్ చట్టాల్లో ఉంది కూడా. వసూలు చేయడమే కావాలి.

చివరగా మన పుస్తెలతాడుకు సంబంధించిన మాట. చట్టం పోయింది కదా అని పాత చిక్కు పోలేదు. రద్దుకు ముందే ప్రభుత్వం నిజంగా స్వాధీనం చేసుకున్న నేల నేటికీ ప్రభుత్వానిదే. కాగితం మీద మాత్రమే తీసుకుని, స్వాధీనం చేసుకోనిది యజమానిదేనని 2013లో హరిరామ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రెండింటికీ తేడా తెలియక మిగులు భూమిలో రెండు వందల గజాలు కొనుక్కుని ఇళ్ళు కట్టుకున్న చిన్నవాళ్ళు ఎందరో. వాళ్ళ చేత డబ్బు కట్టించుకుని క్రమబద్ధం చేసేందుకు మన ప్రభుత్వం 2002లో ఉత్తర్వులు కూడా ఇవ్వవలసివచ్చింది. ఒకే స్థలానికి రెండుసార్లు డబ్బు కట్టడమన్నమాట.

కనుక నగరంలో గాని, శివార్లలో గాని పాత సర్వే నంబరులో స్థలం కొంటున్నప్పుడు ఇ.సి. చూసి ఊరుకోకండి. అందులో రిజిస్టరైన లావాదేవీలే ఉంటాయి, మిగులు భూమి సంగతి ఉండకపోవచ్చు. పాత యజమాని భూపరిమితి కింద డిక్లరేషను ఇచ్చాడా, దాని మీద ఏ ఉత్తర్వు వచ్చింది, స్వాధీనం పంచనామా జరిగిందా అని కలెక్టరు కార్యాలయంలో విచారించమనండి. మీవారు విసుక్కుంటే, బయానా డబ్బు బీరువాలోంచి తీసేముందు మీరే అడగండి.

ఉంటాను, సెలవు.